ఇరవై ఎనిమిదిలో రెండు రకాలు

ఖాదర్ గారు పోయారన్న సంగతి వాళ్లబ్బాయి నాకు ఫోన్ చేసి చెప్పేసరికే మూడు రోజులు గడిచిపోయాయి. ఇలాంటి కబుర్లు నాకిప్పుడు ఆలస్యంగానే చేరుతున్నాయి, నేనూ ఆలస్యంగానే కదులుతున్నాను. ఇంకో మూడు రోజులకి గానీ బయల్దేరలేకపోయాను. ఆటో అతను పాత పోస్టాఫీసు దగ్గరే దింపేసి, లోపలి సందుల్లోకి రానన్నాడు. అక్కణ్ణించి దర్గా కొండ కిందికి పోయే ఎత్తురోడ్డు ఎక్కడానికి రెండుచోట్ల ఆగాను. రెండోచోట ఎవరిదో అరుగు మీద కూలబడి, చెప్పులు విడిచి, పాదాలు కాసేపు నేలకి ఆనించుకున్నాను. ఆ ఇంటావిడ బయటికి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్లు ఇచ్చింది. ఆ అడక్కపోవడం నాకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పలేను.

షాపు సగం మూసి ఉంది. ఇప్పుడది పేరుకే సైకిలు షాపు. స్కూటర్లకి పంచర్లు వేస్తారు, మోటారు సైకిళ్లకి గాలి కొడతారు. వాళ్లబ్బాయికి కూడా యాభై దాటాయి. నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, తండ్రి చివరి రోజులు ఎలా గడిచాయో నెమ్మదిగా చెప్పాడు. చెప్పడం అయ్యాక, మీ నాన్నగారూ మా నాన్నా అంత దగ్గరవాళ్లెలా అయ్యారమ్మా, మాకెప్పుడూ అర్థం కాలేదు అని అడిగాడు. మా చర్చికి ఈ దారినే కదా వెళ్లేది, అలా కలిసింది అన్నాను. అతను తలూపాడు. ఆ తలూపడం చూస్తే నా జవాబు అతనికి ఆనలేదని తెలుస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. అంత ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేం అప్పట్లో పాత ఊళ్లోనే, హార్బరుకి అంత దూరం కాని ఒక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే పెట్టెలూ బస్తాలూ సరిగ్గా వచ్చాయో లేదో వాటి మీది గుర్తులు చదివి సరిచూడడం ఆయన పని. పొద్దున్నించి సాయంత్రం దాకా అంకెలు చదివిన మనిషి ఇంటికి వచ్చాక కూడా అంకెలే చదివేవాడు. సబ్బుబిళ్ల మీది అంకె, అగ్గిపెట్టె మీది అంకె, పాటల పుస్తకంలో ఆదివారం పాడబోయే పాట నంబరు, అన్నీ పైకే చదివేవాడు. అంకె అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. మనుషులు తప్పు చెప్తారు గానీ పెట్టె మీద అచ్చు వేసింది తప్పవదనేవాడు.

అమ్మ మునిసిపాలిటీ ఆరోగ్య కేంద్రంలో నర్సు. పేటల వెంట తిరిగి గర్భిణీలని చూడడం, ఇళ్లలో పురుళ్లు పోయడం ఆవిడ డ్యూటీ. అందరూ నర్సమ్మ అనే పిలిచేవాళ్లు. ఆవిడ అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలీదు. ఆవిడ చీరకి డెటాల్ వాసన ఎప్పుడూ ఉండేది. ఎంత ఉతికినా అది పోయేది కాదు, పోర్టు నించి గాలికి వచ్చే ఇనుపరాయి ఎర్రదుమ్మూ పోయేది కాదు. తెల్లచీర సాయంత్రానికి అంచుల్లో ఇటుకరంగు తిరిగేది. తెల్లారేసరికి బొగ్గుల కుంపటి మీద ఒకపక్క మాకు గంజీ, ఇంకోపక్క గిన్నెలో కత్తెరా సూదులూ ఉడుకుతుండేవి. ఆ రెండు ఆవిర్ల వాసనా కలిసిపోయి ఇల్లంతా నిండేది. చిన్నప్పుడు నాకు ఆకలంటే ఆ వాసనే గుర్తొచ్చేది.

మాతోపాటు నాయనమ్మ, అంటే నాన్నగారి అమ్మ ఉండేది. యారాడ వైపు పుట్టిన మనిషి. వాళ్లూళ్లోని ఆడవాళ్లందరిలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చేది. పాస్టరుగారు వస్తున్నారంటే గబగబా ఆర్పి బొడ్లో దోపుకుని, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చునేది. ఆయనకి ఆ పొగ వాసన తెలీదనుకునేదో, తెలిసినా ఊరుకుంటారనుకునేదో మరి. కోడలు పగలంతా ఊళ్లమ్మట తిరిగి వచ్చి, గుమ్మంలో కూర్చుని పిక్కలు నొక్కుకుంటుంటే నాయనమ్మకి జాలేసేది, కానీ పైకి అనేది కాదు. ఉప్పు వేసిన వేడినీళ్లు మాత్రం పెట్టి ఉంచేది.

అమ్మ నడిచేది. అదే ఆవిడ జీవితంలో అన్నిటికంటే పెద్ద పని. భుజానికి నల్లసంచీ తగిలించుకుని జాలరిపేట, కోటవీధి, కొండవాలు మీద మెట్లమెట్లుగా కట్టుకున్న గుడిసెలు, అన్నీ కాళ్ల మీదే. బస్సులు ఆ సందుల్లోకి వచ్చేవి కావు. ఒక కాన్పు అయి ఇల్లు చేరేసరికి ఇంకో ఇంటి నించి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి ఉండేవాడు. చెప్పులు అరిగిపోయి, మడమలు పగిలి, ఆ పగుళ్లలో ఎర్రదుమ్ము పేరుకుని ఉండేది.

అలాంటి రోజుల్లో నాన్న ఒక సైకిలు తెచ్చాడు. కొత్త హార్బరు తవ్వకం పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు పని ముగించుకుని వాళ్ల దేశం వెళ్లిపోతూ, తన భార్య తొక్కిన సైకిలు అమ్మేశాడు. ముదురాకుపచ్చ రంగు లేడీస్ సైకిలు. అలాంటిది మా వీధిలో ఎవరూ చూసి ఉండలేదు. వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా వల ఉంది, చెయిను మొత్తం కప్పే రేకు ఉంది. అమ్మ రెండు ఆదివారాలు బీచి రోడ్డు పక్క ఇసకలో పడుతూ లేస్తూ నేర్చుకుంది. మూడో వారానికి సంచీ ముందు తగిలించుకుని డ్యూటీకి వెళ్లింది. మగవాళ్లు తలలు తిప్పి చూశారు, కొందరు ఏదో అన్నారు కూడా. నాయనమ్మ మాత్రం, “తొక్కనీరా, దానికి కాళ్లు లేవేటి” అంది. ఆ సైకిలు ఉన్న రెండేళ్లూ అమ్మ సాయంత్రాలు మాతో కూర్చుని మాట్లాడేది. అంతకు ముందు ఆవిడ సాయంత్రాలు మాట్లాడుతుందని నాకు తెలీదు.

ఆ తర్వాత ముందు చక్రం టైరు పక్కలు బీటలు వారాయి. దారాలు బయటికి వచ్చి, గాలి నిండా కొడితే ట్యూబు కురుపులాగా పొడుచుకొచ్చేది. నాన్న సైకిలు నడిపించుకుంటూ ఖాదర్ గారి షాపుకి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అప్పటికి నాకు పదహారేళ్లు. ఖాదర్ గారు అప్పుడు వయసులో ఉన్న మనిషి. సన్నగా, మోచేతుల దాకా గ్రీజుతో, మాట తక్కువగా ఉండేవారు. ఆయనా నాన్నా అప్పటికి ముఖపరిచయం మాత్రమే, అయినా మా వైపు మగవాళ్ల అలవాటు ప్రకారం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఆయన టైరు ఊడదీసి, వెల్తురు వైపు తిప్పి, పక్కన పోతపోసిన అంకెలు చాలాసేపు చూశారు. మొదటి అంకె ఇరవై ఎనిమిది. దాని పక్కన రెండు భిన్నాలు ఉన్నాయి. మన దేశపు పెద్ద సైకిలు టైరు మీద ఇరవై ఎనిమిది ఇంటూ ఒకటిన్నర అని మాత్రం ఉంటుంది.

ఈ టైరు ఇక్కడ దొరకదు అన్నారు. నాన్న గోడకి వేలాడుతున్న టైర్లు చూపించి, అవన్నీ ఇరవై ఎనిమిదే కదా అన్నాడు. అప్పుడు ఖాదర్ గారు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా గుర్తున్నాయి.

“ఇరవయ్యెనిమిది అని రాసింది పైకొలత బావా. గాలి కొట్టేక నేలకి తగిలే కాడ కొలత. రిమ్ముని పట్టుకునీది టైరు లోపలి తీగ. ఆ తీగ కొలత ఎవుడూ రాయడు. అది తేడా వస్తే టైరు ఎక్కుతాది గానీ నిలబడదు.”

“ఇరవయ్యెనిమిదంటే ఇరవయ్యెనిమిదే బావా. అంకె మారదు కదా.”

“అంకె మారలేదు. సక్రం మారిపోనాది.”

ఆయన ఊరికే చెప్పి వదిలెయ్యలేదు. నూలుదారం తీసి, రిమ్ములో టైరు కూర్చునే గాడి చుట్టూ తిప్పి ముడేశారు. అదే దారాన్ని మన టైరు లోపలి తీగ చుట్టూ పెట్టి చూపించారు. దారం అందలేదు. ఒకటిన్నర అంగుళం పైగానే తక్కువ వచ్చింది. చుట్టూ తిప్పితే అంత తేడా అంటే, రిమ్ము మీద టైరు అన్ని పక్కలా పావు అంగుళం వదులుగా ఊగుతుందన్నమాట. కలకత్తాలో తెలిసిన షాపుకి ఉత్తరం రాస్తాను, నెల పట్టొచ్చు, అందాకా ఈ బండి ఎక్కనివ్వకు అన్నారు. నాన్న సరేనన్నాడు. దారి పొడుగునా ఆ టైరు మీది అంకెలే గొణుక్కుంటూ నడిచాడు. ఇన్నేళ్లు అంకెల్నే నమ్ముకున్నాక ఒక అంకె తనని మోసం చేస్తుందంటే ఆయనకి మింగుడు పడలేదనుకుంటాను.

అమ్మ మళ్లీ నడవడం మొదలుపెట్టింది. అవి మండువేసవి రోజులు. రెండేళ్లు సైకిలు అలవాటైన కాళ్లకి నడక కొత్తగా ఉంది. ఒకవారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కలకత్తా నించి జాబు రాలేదు. మూడో వారంలో ఒకరోజు అమ్మ గుమ్మంలో కూర్చుని అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని, అలాగే గోడకి తల ఆనించి నిద్రపోయింది. నాన్న ఆ కంచం నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు. మర్నాడు పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి వేరే షాపులో మన ఇరవై ఎనిమిది టైరు కొనుక్కొచ్చాడు. పెరట్లో కూర్చుని, అమ్మ పాత డ్యూటీ చీర చింపిన పీలికలు రిమ్ము చుట్టూ రెండు మూడు వరసలు చుట్టి, ఆ వదులు పోగొట్టి, టైరు ఎక్కించాడు. గాలి కాస్త తగ్గించి కొట్టాడు. చక్రం తిప్పితే కొంచెం వంకరగా తిరిగింది, కానీ తిరిగింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఖాదర్ గారు వద్దన్నారు కదా నాన్నా అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గురించి తర్వాత చాలా ఏళ్లు ఆలోచించాను.

ఐదు రోజులు బాగానే నడిచింది. ఆరో రోజు మధ్యాహ్నం జాలరిపేట నించి పైడమ్మ అనే అమ్మాయికి నొప్పులని కబురొచ్చింది. తొలికాన్పు. నాకు బడి సెలవులు. గుడ్డలూ నూనే ఉన్న ఇంకో సంచీ ఉందని, పట్టుకోవడానికి రమ్మని అమ్మ నన్ను వెనక కూర్చోబెట్టుకుంది. పల్లంలోకి దిగే రోడ్డు మీద వెళ్తున్నాం. సగం దిగాక ముందు చక్రం దగ్గర ఏదో జారిన చప్పుడైంది, బట్ట చిరిగినట్టు. అమ్మ బ్రేకు పట్టింది. టైరు ఒక పక్కకి ఒరిగి రిమ్ము మీంచి దిగిపోయింది, ట్యూబు బయటికి వచ్చి చక్రం బిగుసుకుపోయింది. నేను పక్కకి దొర్లి మోకాళ్లు గీసుకుపోయాయి, అంతే. అమ్మ ముందుకి పడింది. కుడిచెయ్యి కింద పెట్టి పడింది.

లేచి కూర్చున్నాక ఆవిడ మొదట చెయ్యి చూసుకోలేదు, సంచీ చూసుకుంది. సంచీలో డెటాల్ సీసా పగల్లేదని తెలిశాక చెయ్యి చూసుకుంది. మణికట్టు పైన ఎముక పక్కకి ఒరిగి ఉంది. ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టయింది. చీర కొంగు మెడకి వేసి ముడి పెట్టమని నాకు చెప్పి, అందులో చెయ్యి ఉంచుకుంది. సైకిలు అక్కడే ఒక కొట్టువాడికి అప్పజెప్పాం. నేను ఆసుపత్రికి వెళ్దామన్నాను. అమ్మ పైడమ్మ ఇంటి వైపు నడిచింది.

అక్కడికి వెళ్లేసరికి కాన్పు దగ్గరపడిపోయింది. ఇంట్లో పైడమ్మ అత్త ఒక్కతే ఉంది, ఏం చెయ్యాలో తెలీక ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. అమ్మ గోడకి వీపు ఆనించి నేలమీద కూర్చుని, నన్ను చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కోమంది. అక్కణ్ణించి ఆవిడ నోరు, నా చేతులు. ఎక్కడ గుడ్డ ఒత్తి పట్టుకోవాలో, ఎప్పుడు ముక్కమనాలో, ఎప్పుడు ముక్కొద్దని చెప్పాలో, అన్నీ రోజూ ఇంట్లో కూర తరగమని చెప్పే గొంతుతోనే చెప్పింది. తల బయటికి వచ్చాక మెడ చుట్టూ వేలు పెట్టి చూడమంది. బొడ్డుపేగు ఒక చుట్టు ఉంది. “లాగకు. ఒదులు సేసి తల మీంచి తీసీ,” అంది. తీశాను. ఆడపిల్ల. ఏడవడానికి కాస్త ఆలస్యం చేసింది, తర్వాత ఏడ్చింది. నేను బొడ్డు కట్టి కొయ్యడం అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెదవి కొరుక్కున్న చోట రక్తం ఉంది.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. చెయ్యి అప్పటికి మోకాలంత వాచిపోయింది. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది. కానీ మణికట్టు మునుపటిలా తిరగలేదు, వేళ్లలో పట్టు రాలేదు. పురుడు పోసే చేతికి కావలసింది ఆ తిరగడమే, ఆ పట్టే. ఆరు నెలల తర్వాత అమ్మని ఆరోగ్య కేంద్రంలోనే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పిల్లలకి టీకాల చీటీలు రాయడం పని. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఇంక నడవనక్కర లేదు. నల్లసంచీ ఇంకో నర్సుకి ఇచ్చేసింది.

అమ్మ కట్టుతో ఇంట్లో పడుకున్నప్పుడు ఖాదర్ గారు చూడడానికి వచ్చారు. వాకిట్లో ఆయన్ని చూడగానే నాన్న లేచి నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఇప్పుడు ఈయన ఆ మాట అంటారు, వద్దని చెప్పాను కదా అంటారు, అమ్మ వింటుంది అనుకున్నాను. నాన్న కూడా అదే అనుకున్నాడని ఆయన నిలబడ్డ తీరు చూస్తే తెలిసింది. ఖాదర్ గారు అమ్మని ఎలా ఉందని అడిగారు, కాసేపు కూర్చున్నారు, ద్రాక్షపళ్లు ఇచ్చి వెళ్లిపోయారు. టైరు మాట ఎత్తలేదు. కలకత్తా నించి ఆ వారమే వచ్చిన అసలు టైరు ఆయన షాపులో ఉందని తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక నాన్న ఇంటికి రాకుండా ఖాదర్ గారి షాపుకి వెళ్లాడు. ఆపై ఆదివారమూ వెళ్లాడు. ఇంక ఆయన బతికినన్నాళ్లూ అదే అలవాటు. మొదట్లో ఊరికే కూర్చునేవాడట. తర్వాత దారం పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఒక్క ఇరవై ఎనిమిదిలోనే కాదు, ఇరవై ఆరులో కూడా ఒకదానికొకటి పట్టనివి ఉన్నాయని కనుక్కున్నాడు. ఒకటిన్నర అని భిన్నంలో రాసిన టైరూ, ఒకటి పాయింటు ఐదు అని రాసిన టైరూ ఒకటి కావని తెలిసిన రోజు ఇంటికొచ్చి నాకు చెప్పాడు. లెక్కల్లో రెండూ ఒకటే, టైర్ల దగ్గర కావు అని, చాలా అలసిపోయినవాడిలా చెప్పాడు. మా వీధిలో ఎవరు సైకిలు కొన్నా, ఎవరి టైరు అరిగినా, దర్జీ టేపు జేబులో వేసుకుని తయారయ్యేవాడు. ఏ రోడ్డు మీద తొక్కుతావు, వెనక ఏం మోస్తావు, కూర్చునేది ఒకళ్లా ఇద్దరా అని అడిగేవాడు. చేపలబుట్ట మోసేవాడికి వెడల్పు టైరు, ఒక్కడే ఆఫీసుకి వెళ్లేవాడికి సన్నంది చెప్పేవాడు. ఏది చెప్పినా ముందు పాత టైరు విప్పి, తీగ కొలత చూసి గానీ వదిలేవాడు కాదు.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఆ పని ఇంకా పెరిగింది. ఎలమంచిలి నించీ ఇంకెక్కడెక్కణ్ణించో పనికి వచ్చిన వేలమంది సైకిళ్ల మీదే తిరిగేవారు. పొద్దున్న షిఫ్టు వేళకి గాజువాక రోడ్డంతా సైకిళ్లే. ఖాదర్ గారు అక్కడ ఇంకో కొట్టు తెరిచారు. నాన్న రిటైరయ్యాక రోజూ బస్సెక్కి వెళ్లి ఆ కొట్టులో కూర్చునేవాడు. జీతం లేదు, అడగలేదు, వాళ్లిస్తామన్నా తీసుకోలేదు. పనివాళ్లు ఆయన్ని టైరు మాస్టారు అని పిలిచేవాళ్లు. అందులో కాస్త వెక్కిరింత కూడా ఉండేది. ఒక్క టైరుకే ఆయన మూడేసిసార్లు కొలుస్తుంటే వాళ్లకి డ్యూటీ టైమయిపోయేది మరి. తొందరపడేవాళ్లని ఆయన ఏమీ అనేవాడు కాదు. కానీ కొలవకుండా ఒక్క టైరు కూడా ఆ కొట్టు దాటనిచ్చేవాడు కాదు. నేను అప్పటికి నర్సునై, ఆ దగ్గరలోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. డ్యూటీ నించి వస్తూ అప్పుడప్పుడు రోడ్డవతల నించి ఆయన్ని చూసేదాన్ని. వంగి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, ఎవడిదో చక్రం చుట్టూ టేపు తిప్పుతూ ఉండేవాడు. దాటి వెళ్లి పలకరించాలనిపించేది కాదు.

ఇంట్లో అమ్మతో ఆయన ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అమ్మా అడగలేదు. ఇద్దరూ మర్యాదగానే ఉండేవారు. ఆయన అమ్మకి కంచంలో చేపముళ్లు తీసి పెట్టేవాడు, జడ అల్లేవాడు, ఎడమచేత్తో కాని పనులన్నీ అడక్కుండా చేసేవాడు. ఆవిడ చేయించుకునేది. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. నాన్న పోయే ముందు ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, “ఖాదర్ సెప్పేడని మీ అమ్మకి తెలవదు. నువ్వు కూడా సెప్పకు,” అన్నాడు. ఆయన చివరి మాటల్లో అదొకటి. సరేనన్నాను.

అమ్మ ఆ తర్వాత నా దగ్గరే క్వార్టర్సులో ఉంది. నాన్న పోయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఎండు నెత్తళ్లు బాగుచేస్తున్నాం. నాన్న ఆ కొట్టులో ఎంత కష్టపడ్డాడో, అంత అవసరమా అన్నట్టు నేనేదో అన్నాను. అమ్మ చేతిలోని చేప తల తుంచుతూ, చాలా మామూలుగా చెప్పింది.

“ఖాదర్ నాతో కూడా సెప్పేడే. టైరు ఎక్కించిన మర్నాడే. గాలి కొట్టమని షాపు కాడ ఆగితే కొట్టనన్నాడు. ఇది మీ సక్రం టైరు కాదు నర్సమ్మా, దిగి నడిపించుకొని ఇంటికెళ్లిపోండి అన్నాడు. మీ నాన్నకీ సెప్పే ఉంటాడని అప్పుడే తెలిసిపోనాది.”

మరి నాన్నతో ఎందుకనలేదు అని అడిగాను.

“అంటే టైరు ఇప్పీసేవోడు. మళ్లీ నడవాలి.”

“ఆయన ఇరవై ఏళ్లు అక్కడ కూర్చున్నాడమ్మా.”

“తెల్సు.” ఆవిడ చేప పక్కన పెట్టింది. “మొదట్లో కోపం ఉండీది నాకు, సెయ్యి పోనాదని. ఎవరో ఒకరి మీద ఉండాలి కదా. ఆ కోపం పోయేసరికి ఆయనకి ఆ కొట్టు అలవాటైపోనాది. అప్పుడు సెప్తే ఏటి లాభం?”

ఇద్దరికీ విడివిడిగా చెప్పి, ఇద్దరూ వినకపోతే, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా ఖాదర్ గారు ఆదివారం తర్వాత ఆదివారం నాన్న పక్కన ఎలా కూర్చున్నారో నాకు ఊహకి అందలేదు. అమ్మ మీద మాత్రం చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన పొయ్యాక నాతో చెప్పడం దేనికి, ఆయనకే ఒక్క మాట చెప్తే ఏం పోయేది అనిపించింది. ఆ రోజంతా మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. అన్నం పెట్టి నా గదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఆవిడా నన్ను బతిమాలలేదు.

మూడో రోజు ఏదో బంద్ వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆసుపత్రిలో మనుషులు తక్కువై, నేను రెండు డ్యూటీలు కలిపి చేసి, ఆ ఎండలో గాజువాక నించి ఇంటికి నడిచి వచ్చాను. గుమ్మం దాకా వచ్చి ఇంక లోపలికి అడుగు వెయ్యలేక అక్కడే కూర్చుండిపోయాను. చెప్పులు విప్పితే పాదాల మీద వాటి పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి. అమ్మ లోపలి నించి చూసింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఉప్పు వేసి, బేసిన్ ఎడమచేత్తో ఈడ్చుకుంటూ తెచ్చి నా ముందు పెట్టింది. ఎంత దూరం నడిచావని అడిగింది. చెప్పాను. వంకరచెయ్యి నా మోకాలి మీద వేసి, నీళ్లు చల్లారేదాకా పక్కనే కూర్చుంది. ఆ విషయం మళ్లీ మా ఇద్దరి మధ్యా రాలేదు. కోపం ఆ సాయంత్రమే పోయిందని చెప్పను. కొన్నాళ్లకి ఎప్పుడో, నాకు తెలీకుండానే పోయింది.

ఇప్పుడు ఖాదర్ గారి షాపులో ఒక కొత్త టైరు వేలాడుతుంటే పట్టుకుని చూశాను. దాని మీద పాత పద్ధతి అంకెతో పాటు లోపలి తీగ కొలత కూడా మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంది. ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయమ్మా, రిమ్ము మీది కొలతా టైరు మీది కొలతా ఒకటైతే చాలు, దారాలూ టేపులూ అక్కర్లేదు అన్నాడు వాళ్లబ్బాయి. అంత చిన్న అంకె. అది అప్పట్లో కూడా రాసి ఉంటే అమ్మ చెయ్యి నిలిచేదా అని నన్ను నేను అడుక్కున్నాను. నాన్న చదివేవాడు, చదివి నమ్మేవాడు, ఆ టైరు కొనేవాడు కాదు. అది నిజం. కానీ ఆ వేసవిలో అమ్మ ఇంకో నెల నడిచేది, అదీ నిజమే. ఊరు పెరిగింది. కాన్పులకి ఎవరూ ఇళ్లకి నడిచి వెళ్లడం లేదు, అంబులెన్సులు వస్తున్నాయి. మంచిదే. నేను మాత్రం ఎన్నిసార్లు లెక్క వేసినా తప్పు ఎవరిదో తేల్చలేకపోయాను, తేల్చే ఓపిక కూడా తగ్గిపోయింది. వాళ్లబ్బాయి స్కూటర్ మీద దింపుతానన్నాడు. ఎక్కి కూర్చుని ఆ వాలురోడ్డు దిగుతుంటే ఒక్క సంగతి తోచింది. టైరు మంచిది కాదని తెలిసీ తొక్కిన రోజుకి అమ్మకి నలభై ఏళ్లు రాలేదు. నాకిప్పుడు డెబ్బై దగ్గరపడుతోంది. అయినా అలసటలో ఆవిడ నాకంటే పెద్దది.